మంగంపేట మీదుగా ఐర్లండుకు

మా మంగంపేట పేరు మీరు పేపర్లో చూసే ఉంటారు. కడప సీమలో ముగ్గురాళ్ళ గనులున్న ఊరు. ఈ రాయికి బరువెక్కువ. అందుకని దీన్ని పొడి చేసి చమురు బావులు తవ్వేచోట వాడతారు. ఓడలెక్కి విదేశాలకు పోతుంది. రాళ్ళే కాదు, మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు కువైట్ వెళ్ళి, ఇళ్ళలో పనిచేసి పిల్లల్ని చదివించుకుంటున్నారు. పొట్టకూటి కోసం ఊరు దాటడం మాకు కొత్త కాదు.

అలాగే పొట్ట చేత పట్టుకుని సముద్రాలు దాటి మన సీమకు వచ్చినవాళ్ళూ ఉన్నారండీ. వాళ్ళే ఐర్లండు సిపాయిలు.

ఐర్లండు మనకు బొత్తిగా తెలియని దేశమేమీ కాదు. 1919లో మదనపల్లెలో 'జనగణమన'కు స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఐరిష్ ఆడపడుచే. ఆవిడ చదువుకుని, ఇష్టపడి వచ్చింది. సిపాయిల సంగతి వేరు. అక్కడి బీదలకు ముఖ్యమైన తిండి ఉర్లగడ్డ. మనకది ఒక కూర, వాళ్ళకు అదే అన్నం. 1845లో ఆ పంటకు తెగులు తగిలింది. కొద్ది ఏళ్ళలోనే సుమారు పది లక్షలమంది చనిపోయారు. అంతకంటే ఎక్కువమంది దేశం విడిచారు. 1876 నాటి ధాత కరువు గురించి ఇళ్ళల్లో విన్నవాళ్ళకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

కరువుకు ముందు నుంచే అక్కడి కుర్రాళ్ళు పటాలంలో చేరేవాళ్ళు. 1830లో బ్రిటిష్ సైన్యంలో నూటికి నలభై మందికి పైగా ఐరిష్‌వాళ్ళే. ఈస్టిండియా కంపెనీ తెల్ల పటాలాల్లోనూ వాళ్ళు చాలామంది ఉండేవారు. మద్రాసులో మొదలైన ఒక కంపెనీ పటాలమే 1881లో 'రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్'లో కలిసింది. డబ్లిన్ అంటే ఐర్లండు రాజధాని.

మరి మా వైపుకు వాళ్ళెలా వచ్చారంటారా? రైలు దారి వల్ల. మద్రాసు నుంచి వేసిన దారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. అది మా పక్కనున్న ఓబులవారిపల్లె మీదుగానే పోతుంది. సైన్యంలో సర్వీసు అయిపోయాక కొందరు స్వదేశం పోకుండా ఇక్కడే రైల్వేలో చేరారు. ఇక్కడి ఆడవాళ్ళను పెళ్ళాడారు. వాళ్ళ సంతతివాళ్ళే ఆంగ్లో ఇండియన్లు. ఇంజను డ్రైవర్లు, గార్డులు ఆ రోజుల్లో ఎక్కువగా వాళ్ళే.

రాజంపేట దాటితే వచ్చే నందలూరులో ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డు ఉండేది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక చాలామంది ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయారు. ఆవిరి ఇంజన్లతో పాటే షెడ్డు వైభవమూ పోయింది. చెయ్యేటి ఒడ్డున సౌమ్యనాథస్వామి గుడికి వచ్చినప్పుడు స్టేషను వైపు కూడా ఒకసారి నడిచి చూడండి.

అలాంటి కుటుంబానికి చెందిన ఒక పెద్దావిడ ఆమధ్య ఆస్ట్రేలియా నుంచి నందలూరు వచ్చారు. మా అమ్మాయి ఇంగ్లీషు మాట్లాడుతుంది కాబట్టి ఆవిడతో కాసేపు కూర్చున్నాం. చేతిసంచీలోంచి ఒక నకలు తీశారు. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ముత్తాతకు ఇచ్చిన కాగితమట. పుట్టిన ఊరు, వయసు, అంతకుముందు చేసిన పని, ఎత్తు, కళ్ళ రంగు, అన్నీ ఉన్నాయి.

ఇటువంటి కాగితాల విలువ ఆవిడ చెబితే తెలిసింది. 1922లో ఐర్లండు అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని రికార్డుల భవనం కాలిపోయింది. పాత జనాభా లెక్కలు, ఎన్నో చర్చి రిజిస్టర్లు బూడిదయ్యాయి. సిపాయిల కాగితాలు లండన్‌లో ఉన్నాయి కాబట్టి మిగిలాయి. మద్రాసు రాజధాని చర్చిల్లో రాసిన జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు కూడా లండన్‌కు పంపేవాళ్ళు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. సమాధుల మీది రాతలను సేకరించి జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో పుస్తకం వేశాడు. అంటే సొంత దేశంలో చెరిగిపోయిన మనిషి జాడ, వలస వచ్చిన చోట దొరుకుతోందన్నమాట.

"మరి ముత్తవ్వ?" అని అడిగాను. ఆవిడ రెండో కాగితం చూపించారు. బిడ్డ జ్ఞానస్నానం నకలు. తండ్రి పేరు, హోదా, పటాలం వివరంగా ఉన్నాయి. తల్లి దగ్గర 'మేరీ' అని ఒక్క మాట. అది మతం పుచ్చుకున్నప్పుడు పెట్టిన పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో, పుట్టిల్లు ఏ ఊరో, తెలుగు పిల్లో తమిళ పిల్లో ఎక్కడా లేదు. "ఆయన కళ్ళ రంగు తెలుసు, ఆవిడ పేరు తెలీదు" అన్నారు పెద్దావిడ. నాకు నోట మాట రాలేదు.

తెల్ల సిపాయిల భార్యల జాడ పట్టుకోవడమూ కష్టమేనట. భర్త చనిపోతే కొద్ది నెలలకే సైన్యం ఇచ్చే తిండిఖర్చు ఆగిపోయేది. పరాయి దేశంలో బిడ్డలతో ఏం చేస్తుంది? అదే పటాలంలో ఇంకొకరిని చేసుకునేది. రెండు మూడు సార్లు ఇంటిపేరు మారిపోతే ఏ పేరుతో వెతకాలి?

ఇంటికొచ్చాక నేను లెక్క వేసుకున్నాను. మావారి వైపు తాత, ముత్తాతల పేర్లు తద్దినాల పుణ్యమా అని అందరికీ నోటికి వచ్చు. మా అమ్మ వాళ్ళ అవ్వ పేరు మాత్రం ఇంట్లో ఎవరికీ తెలీదు. పక్క ఊళ్ళో ఉన్న మా పెద్దమ్మను అడిగితే చెప్పింది: ఓబులమ్మ, పుట్టిల్లు చిట్వేలి.

మీరూ ఈ పని చేయండి. పాల లెక్క రాసే పుస్తకం చివరి పేజీ చాలు. అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ, వాళ్ళ తల్లులు: ఒక్కొక్కరి పేరు, పుట్టింటి ఇంటిపేరు, ఊరు రాయండి. పాత ఫోటోల వెనక ఎవరెవరో పెన్సిలుతో రాయండి. పెళ్ళి శుభలేఖలు పారేయకండి. కువైట్ వెళ్ళిన అక్కచెల్లెళ్ళు ఏ సంవత్సరం వెళ్ళారో, ఏ ఊళ్ళో ఉన్నారో అదీ రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి తెలుసుకోండి.