పాల పన్నే కదా!

ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీలు చేసొచ్చే తల్లిదండ్రులు మా శంషాబాద్‌లో చాలామందే. రాత్రి పిల్లల చేత పళ్లు తోమించే ఓపిక ఉండదు, తప్పు పట్టలేం. కానీ పిప్పి పన్ను పీకించేసి, "పాల పన్నే కదా, మళ్లీ వస్తది" అని ఊరుకోవడం మాత్రం నాకు నచ్చదు.

ముందు పళ్లు ఆరేడేళ్లకే ఊడి, కొత్తవి వస్తాయి. దవడ పళ్ల సంగతి వేరు. అవి పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. ముందే పోతే, ఆరో ఏట వాటి వెనక మొలిచే శాశ్వత దవడ పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది, అదీ ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. తర్వాత రావాల్సిన పన్ను చోటు లేక వంకరగా మొలుస్తుంది, లేదా లోపలే ఇరుక్కుంటుంది.

ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం చూడండి, పన్ను పోయిన చోట పెట్టే స్పేస్ మెయింటెయినర్ పనీ అదే. పక్క పన్నుకో స్టీలు పట్టీ, దానికో తీగ. అంతే.

అందరికీ అక్కర్లేదు. లోపలున్న కొత్త పన్ను త్వరలో వచ్చేలా ఎక్స్‌రేలో కనిపిస్తే డాక్టర్లే వద్దంటారు. పెట్టించుకుంటే జిగట మిఠాయిలు మానాలి, మధ్యమధ్య చూపించాలి, కొత్త పన్ను రాగానే తీయించాలి. (ఈ చివరిది మరిచిపోకండి!)

అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో పిల్లల పళ్లకు ప్రత్యేక విభాగమే ఉంది. పన్ను పీకించే రోజే, "చోటు ఆపాలా డాక్టర్?" అని ఒక్క మాట అడగండి.