అర పెరుగుతుంది... కొలత మారకపోతే!

పుట్టింటివారు పెట్టిన టేకు బీరువా తరాలు మారినా చెక్కు చెదరదు. కానీ అద్దె ఇల్లు మారినప్పుడల్లా అదో పెద్ద తంటా. గుమ్మంలో పట్టదు, మెట్ల మలుపు తిరగదు. విడి భాగాలుగా కొనుక్కుని, కావలసినట్టు కలుపుకొనే మాడ్యులర్ ఫర్నిచర్‌కి అందుకే అంత గిరాకీ.

మనకు ఆ మాట పరిచయమైంది వంటింటితోనే. దాని మూలాలు మాత్రం జర్మనీలో ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కొరత తీర్చడానికి ఫ్రాంక్‌ఫర్ట్ నగరం వేల ఫ్లాట్లు కట్టింది. వాటికోసం ఆర్కిటెక్ట్ మార్గరెట్ షుట్టె లిహోట్స్కీ 1926లో ఓ చిన్న వంటిల్లు రూపొందించారు. పనిచేసేవాళ్లకు అనవసరమైన అడుగులు తగ్గేలా, అన్నీ చేతికందేలా అరలూ సొరుగులూ అమర్చారు. ఒకే నమూనాలో అలాంటివి దాదాపు 10 వేలు వెలిశాయి. అయితే అవి ఇంటితోపాటే ఉండిపోయేవి.

ఇల్లు మారితే వెంట తీసుకెళ్లే అరలు 1960లో వచ్చాయి. బ్రాన్ రేడియోల డిజైనర్ డీటర్ రామ్స్ విట్సో సంస్థకోసం '606' అనే అమరిక తయారుచేశారు. గోడకు అల్యూమినియం పట్టీలు, వాటికి పిన్నులతో తగిలించే అరలు... అంతే! నాటి పట్టీకి నేటి అర కూడా సరిపోతుంది. స్విట్జర్లాండ్‌లో ఫ్రిట్జ్ హాలర్ 1963లో యూఎస్ఎం కోసం చేసిందీ ఇలాంటిదే. ఉక్కు గొట్టాల్ని చిన్న లోహపు బంతితో కలిపితే చాలు, ఎటువైపైనా పెంచుకోవచ్చు.

ఈ రెండూ ఖరీదైనవి. విడి భాగాల ఫర్నిచర్‌ని సామాన్యులకు చేరువ చేసింది ఐకియా. 2014లో ఆ సంస్థ 'ఎక్స్‌పెడిట్' అరల్ని ఆపి 'కల్లాక్స్' తెచ్చినప్పుడు జర్మనీలో కొనుగోలుదారులు గగ్గోలు పెట్టారు. కొత్తదాని అంచులు సన్నబడ్డాయి మరి! లోపలి గదుల కొలత మార్చకపోవడంతో పాత పెట్టెలు మాత్రం అందులోనూ పట్టాయి.

అదే సంస్థ దేశంలో తన తొలి స్టోరును 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో తెరిచింది. వడ్రంగిని పిలిపించి చేయించుకునే ఊళ్లో విడి భాగాలు ఇంటికి తెచ్చుకోవడం మొదలైంది. ఇక్కడే కాస్త జాగ్రత్త అవసరం. పార్టికల్ బోర్డులో స్క్రూ నాలుగుసార్లు విప్పి బిగిస్తే పట్టు వదులవుతుంది. తడి తగిలితే ఉబ్బుతుంది. విప్పగలిగినంత మాత్రాన మళ్లీ గట్టిగా నిలుస్తుందని కాదు.

కాబట్టి కొనేముందు రంగూ ధరా చూడటంతో సరిపెట్టొద్దు. పదేళ్ల తర్వాత ఇంకో అర కావాలంటే ఇదే కొలతలో దొరుకుతుందా... అని అడగండి. జవాబు 'దొరుకుతుంది' అయితే అది కుటుంబంతోపాటు పెరుగుతుంది. కాదంటే, ముక్కలుగా వచ్చిన మామూలు బీరువానే!