వృద్ధ విహంగం

విమానం ముసలిదవడమంటే ఏమిటి? తిరుపతి నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో పుత్తూరు, నగరి దాటి అరక్కోణం చేరినప్పుడల్లా ఈ ప్రశ్న నాలో మెదలుతూంటుంది.

అక్కడి నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ రాజాలి. 1992 నుంచి పాతికేళ్ళపాటు టుపోలెవ్-142 విమానాలు అక్కడినుంచే ఎగిరి సముద్రంలో జలాంతర్గాముల జాడ వెదికేవి. 1988లో సోవియట్ దేశం నుంచి మన నౌకాదళంలో చేరిన ఎనిమిది భారీ విమానాలవి. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. 1994లో వాటి తయారీ ఆగిపోయింది.

నగరిలో మరమగ్గం భాగమేదైనా విరిగితే దగ్గరి లేత్ షాపులో మరొకటి చేయించుకోవచ్చు. విమానానికి ఆ వెసులుబాటు లేదు. ప్రతి మరకూ పరీక్షాపత్రం ఉండాలి. విడిభాగాలు దొరకని స్థితిలో ఒక విమానం అవయవాలను విప్పి మరొకదానికి అమర్చడం అన్ని దేశాల సైన్యాలకూ అనుభవమే.

లోహంలో సూక్ష్మమైన పగుళ్ళు, ఉప్పుగాలి తెచ్చే తుప్పు, గట్టిపడిన రబ్బరు, పెళుసుబారిన తీగల తొడుగులు పైకి కనబడవు. కనుక వయసు మీరేకొద్దీ ప్రతి తనిఖీలోనూ మునుపటికన్నా ఎక్కువ విప్పి చూడాలి. షెడ్డులో గడిపే రోజులు పెరిగి, ఎగిరే గంటలు తగ్గుతాయి. సిబ్బంది జీతాలూ స్థావరం ఖర్చూ మాత్రం తగ్గవు. ఆ మొత్తాన్ని తక్కువ గంటలకు పంచితే ఒక్కో గంట వెల ఎంతో పెరుగుతుంది.

అయినా ఆ విమానాలు 29 ఏళ్ళలో సుమారు 30,000 గంటలు ప్రమాదమన్నది లేకుండా ఎగిరి, 2017 మార్చి 29న విరమించాయి. ఆ ఖ్యాతిలో సింహభాగం వాటిని విప్పి, చూసి, బిగించిన చేతులదే.

వాటి వారసులుగా 2013 నుంచి రాజాలికి చేరిన పి-8ఐ విమానాలు బోయింగ్ 737 ప్రయాణిక విమానాన్ని ఆధారం చేసుకుని నిర్మించినవి. ఆ వంశానికి చెందిన విమానాలు ప్రపంచమంతటా వేలల్లో ఎగురుతున్నాయి; చాలా విడిభాగాలు వాటికీ వీటికీ ఉమ్మడే. అందుకే విమానం వార్ధక్యాన్ని పుట్టిన ఏడుతో కాక, బతికున్న బంధువుల లెక్కతో కొలవాలని నాకు తోస్తుంది.

కొత్తది కొనడానికి డబ్బు చాలక, పాతదాన్నే మరి రెండేళ్ళు నడుపుదామనడం కాగితం మీద పొదుపుగానే కనిపిస్తుంది. కానీ ఆ సంతకం చేసేవారు ఒకరు, అందులో కూర్చుని సముద్రం మీదికి వెళ్ళేవారు మరొకరు.

విరమించిన వాటిలో ఒకటి 2017 డిసెంబరు నుంచి విశాఖ సాగరతీరంలో ప్రదర్శనశాలగా ఉంది. అటు వెళితే ఆ భారీ ప్రొపెల్లర్లతోపాటు రెక్క మీది రివెట్ల వరుసలనూ ఒకసారి తేరిపార చూడండి. వాటిలో ప్రతి ఒక్కదానినీ ఎవరో ఒకరు ఎన్నోమార్లు పరీక్షించి ఉంటారు.