మందలింపు ఎవరికి, దేనికి

మా భట్టిప్రోలు వాళ్లకు కోర్టంటే రేపల్లె, కాదంటే తెనాలి. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకాలైనా అక్కడి జడ్జిగారు రాసిందే చాలామందికి చివరిమాట. హైకోర్టు 2019 నుంచి అమరావతిలోనే ఉంది, బస్సెక్కితే చేరే దూరమే. అయినా అంతదాకా వెళ్లే డబ్బూ ఓపికా అందరికీ ఉండవు. ఈ కోర్టుల్లో ప్లీడరుగా తిరిగే నేను అందుకే పై కోర్టులు కింది జడ్జీల గురించి ఏమంటున్నాయో వదలకుండా చదువుతాను.

తీర్పును కొట్టేయడం వేరు, రాసినవారిని తప్పుపట్టడం వేరు. చుండూరు కేసు ఈ తేడాను నాకు కష్టంగా నేర్పింది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపిన కేసులో, ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ సాక్ష్యాన్ని పై కోర్టు వేరేగా చూసినంత మాత్రాన కింది జడ్జి నడత మీద మచ్చ పడినట్టు కాదు. అలా పడేదైతే ధైర్యంగా శిక్ష రాసే జడ్జి ఒక్కరూ మిగలరు.

ఈమధ్య విజయవాడ కేసు నన్ను ఇంకా లోతుగా ఆలోచింపజేసింది. ఇంజంక్షన్ దావాలో అడ్వకేట్ కమిషనర్ రిపోర్టు మీద ప్రతివాదులు అభ్యంతరాలు పెట్టారు. 2025లో జూనియర్ సివిల్ జడ్జి వాటిని తోసిపుచ్చుతూ నాలుగు తీర్పులు చూపించారు. ఆ నాలుగూ అసలు లేనే లేవు, ఏఐ అల్లినవి. ప్రతివాదులు హైకోర్టుకు వెళితే, అది ముందుగా ఆ జడ్జిని సంజాయిషీ అడిగింది. ఏఐని మొదటిసారి వాడానని, అవి నిజమనే నమ్మానని జవాబు వచ్చింది. చెప్పిన న్యాయసూత్రం సరైనదే కాబట్టి ఉత్తర్వు నిలుస్తుందని హైకోర్టు తేల్చింది. 2026 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. లేని తీర్పుల మీద ఆధారపడటం పొరపాటు కాదు, దుష్ప్రవర్తన అవుతుందని చెప్పి, అటార్నీ జనరల్‌కూ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకూ నోటీసులిచ్చింది.

హైకోర్టు చేసిన ఒక పని నాకు నచ్చింది: అనేముందు అడిగింది. 1963లో మహమ్మద్ నయీం కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతుల్లో అదొకటి. ఎవరినైనా తప్పుపట్టాలంటే వాళ్లకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, రికార్డులో ఆధారం ఉండాలి, కేసు తేల్చడానికి ఆ మాట అవసరమై ఉండాలి. ఢిల్లీ హైకోర్టు ఒక అదనపు సెషన్స్ జడ్జి మీద రాసిన ఘాటు మాటల్ని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీసేయించింది. ఉత్తర్వులో తప్పుంటే ఎంత గట్టిగానైనా చెప్పండి, మనిషి జోలికి వెళ్లకండి అన్నది దాని సారం. నడత మీదే అనుమానం ఉంటే రాజ్యాంగం 235వ అధికరణం కింద హైకోర్టుకు పాలనాపరమైన దారి ఉండనే ఉంది. తీర్పులో రాసిన మాట ఆ జడ్జి ఉద్యోగమున్నంతకాలం వెంటాడుతుంది, తిరిగి జవాబు చెప్పుకోడానికి ఆయనకు తేలికైన వేదిక ఉండదు.

అయితే సూత్రం సరైనదే కదా అన్న హైకోర్టు మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. ఓడిపోయినవాడు ఇంటికి తీసుకెళ్లేది ఆ ఉత్తర్వు కాపీ ఒక్కటే. ఎందుకు ఓడాడో అందులో ఉన్న కారణాన్ని బట్టే తెలుసుకోవాలి. విజయవాడ కక్షిదారులు ఢిల్లీ దాకా వెళ్లగలిగారు కాబట్టి లోకానికి తెలిసింది. మా రైతు చేతికి అలాంటి కాపీ వస్తే అతను అప్పుచేసి ఖర్చులు కట్టి ఊరుకుంటాడు, ఆ నాలుగు తీర్పుల్నీ ఎవరూ వెతకరు. కింది కోర్టులకు జరిగే తనిఖీల్లో పెండింగ్ కేసుల లెక్కతో పాటు కొన్ని ఉత్తర్వులు బయటికి తీసి, వాటిలో చూపించిన తీర్పులు నిజంగా ఉన్నాయో లేవో సరిచూడాలని హైకోర్టుకు నా విన్నపం.