కదిలే నేల మీద నాలుగు రోజులు

మధ్యధరా తీరమంటే మనలో చాలామందికి ఎండ, ఇసుక, హోటలు. ఇటలీలోని నేపుల్స్ అఖాతం మాత్రం తాపీగా తిరిగేవారికే తన సంగతులు చెబుతుంది. 2024 సెప్టెంబరులో నేనూ మా ఆవిడా ఇంగ్లండు నుంచి వెళ్ళి, పొత్సువోలి అనే రేవుపట్నంలో నాలుగు రోజులున్నాము. అటు వెళ్ళదలచిన సభ్యులకు పనికివస్తాయని ఈ నాలుగు మాటలు.

నేపుల్స్ నుంచి లోకల్ రైల్లో సుమారు అరగంట ప్రయాణం. రోమనుల కాలంలో ఇది పెద్ద రేవు. అలెగ్జాండ్రియా ఓడలు ధాన్యం దింపేది ఇక్కడే. మన దేశపు మిరియాలు ఈజిప్టు మీదుగా ఇటలీ చేరిన దారిలో ఇదొక మజిలీ. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై పూడిపోయిన పాంపేలో 1938లో ఒక దంతపు బొమ్మ దొరికింది. పని తీరు అచ్చంగా మనదే. నేపుల్స్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మకు ‘పాంపే లక్ష్మి’ అని పేరు పడింది గాని, యక్షిణి కావచ్చునని చాలామంది పండితుల అభిప్రాయం. ఇంకొక చుట్టరికం కూడా ఉంది. మన ఊళ్ళలో ఇళ్ళు కట్టే సిమెంటు బస్తాల మీద పి.పి.సి. అని ఉంటుంది కదా, అందులో రెండవ ‘పి’ పోజొలానా. ఈ ఊరి అగ్నిపర్వతపు బూడిదకు ఊరి పేరు మీద వచ్చిన మాట అది. ఆ బూడిద కలిపిన సున్నం నీళ్ళలో కూడా గట్టిపడుతుందని రోమనులు ఎరుగుదురు.

రేవు దగ్గర పాత రోమన్ అంగడి శిథిలాలున్నాయి. అందులో నిలిచిన మూడు పాలరాతి స్తంభాలకు, మనిషి ఎత్తు దాటిన చోట, సముద్రపు చిప్పపురుగులు తొలిచిన రంధ్రాలు కనబడతాయి. అంటే నేల ఒకప్పుడు అంత లోతు మునిగి, మళ్ళీ పైకి వచ్చిందన్నమాట. లయెల్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1830లో తన గ్రంథానికి ముఖచిత్రంగా వేసింది ఈ స్తంభాలనే. భూగర్భంలోని వేడికి, వాయువుల ఒత్తిడికి ఊరు ఊరంతా ఊపిరి పీల్చినట్లు లేస్తుంది, దిగుతుంది. 1982–84 మధ్య దాదాపు 1.8 మీటర్లు లేచింది. 2005 నుంచి మళ్ళీ లేవసాగింది. మేము వెళ్ళడానికి నాలుగు నెలల ముందు, మే నెలలో, 4.4 తీవ్రతతో కంపించింది.

కొండ మీది పాతపేట రియోనె తెర్రను 1970 మార్చి 2న సైనికుల చేత ఖాళీ చేయించారు. దాదాపు మూడు వేలమంది. వారికి ఊరి బయట వేరే ఇళ్ళు కట్టించారు గాని, తిరిగి పాత గడప తొక్కడం మాత్రం జరగలేదు. ఇప్పుడక్కడ యాత్రికులు తిరుగుతున్నారు. మాకు గది ఇచ్చిన పెద్దావిడ అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లట. ఆవిడ మాటలు కూతురు ఇంగ్లీషులో చెప్పింది.

“మీ ఊళ్ళో మీకు ఇల్లుందా?” అని అడిగిందావిడ.

“మా నాన్నగారిది ఉంది. తాళం వేసి ఉంది. అమ్మేద్దామని తమ్ముడంటున్నాడు” అన్నాను.

“తాళంచెవి మీ దగ్గరే ఉందా?”

ఉందన్నాను.

“అదృష్టవంతులు. మా అమ్మకు పొయ్యి మీది గిన్నె దింపుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు” అన్నది.

మరి ఇంత జరిగినా ఈ ఊరెందుకు విడిచిపెట్టలేదని మా ఆవిడ అడిగితే, నేల లేచినప్పుడల్లా మనమూ లేచిపోతే ఇక ఊరనేది ఎక్కడుంటుందని ఆవిడ నవ్వింది. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు ఇంటి సంగతే మాట్లాడుకున్నాము. కప్పు కారుతోంది, పన్ను కట్టాలి, చూసేవారు లేరు. తమ్ముడి మాటలో న్యాయముంది. ఈ సంక్రాంతికి వెళ్ళి, నెల రోజులు ఆ ఇంట్లో ఉండి, ఆ తరువాతనే ఏదో ఒకటి చెబుదామని నిశ్చయించుకున్నాము.

వెళ్ళేవారికి ఒక మాట: పక్కనే బాయియాలో సముద్రంలో మునిగిన రోమన్ భవనాలను అద్దపు అడుగున్న పడవలో చూపిస్తారు. గాలి లేని ఉదయం చూసుకొని వెళ్ళండి. రాళ్ళ దారులు గనుక మంచి చెప్పులు అవసరం. శాకాహారులకు రొట్టె, టమాటా, వంకాయ కూరలకు లోటు లేదు.