టాటా ఇన్‌స్టిట్యూటులో ఒకరోజు చదువు

పిల్లలూ! మీ బడిలో పై తరగతి గుమ్మం దగ్గర నిలబడి, లోపల మాస్టారు చెప్పే పాఠం ఎప్పుడైనా విన్నారా? సగం అర్థం కాకపోయినా ఆ పాఠం భలే సరదాగా ఉంటుంది. మరి బి.ఎస్.సి. కూడా పూర్తయిన తరువాత చదివే చదువు ఎలా ఉంటుందో చూడాలని ఉన్నదా? అందుకు మీరు పెద్దవాళ్ళయేదాకా ఆగనక్కరలేదు. బెంగుళూరు వెళితే ఒక్కరోజులో ఆ చదువు రుచి చూడవచ్చు.

బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అనే గొప్ప విద్యాసంస్థ ఉన్నది. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఇప్పటికీ "టాటా ఇన్‌స్టిట్యూట్" అనే అంటారు. యశ్వంతపురం స్టేషనులో రైలు దిగితే అది దగ్గరే. సాధారణంగా ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒక శనివారం అక్కడ "ఓపెన్ డే" జరుపుతారు. ఆ రోజు ఎవరైనా లోపలికి వెళ్ళవచ్చు. టిక్కెట్టు లేదు, పరీక్ష లేదు. ప్రయోగశాలల తలుపులు తెరిచి ఉంటాయి. పరిశోధన చేసే విద్యార్థులే మీకు మాస్టార్లవుతారు.

గేటు దాటి వెళితే పెద్ద పెద్ద చెట్లు, వాటి నడుమ ఎత్తయిన గోపురం గల రాతి భవనం కనబడతాయి. భవనం ఎదుట జంషెడ్జీ టాటా విగ్రహం ఉన్నది. మన దేశంలో పై చదువులకు, పరిశోధనకు ఒక సంస్థ ఉండాలని తలచి, అందుకు తన ఆస్తిలో పెద్ద భాగం ఇవ్వజూపినవాడు ఆయనే. కాని తన కల ఫలించటం ఆయన చూడలేదు. ఆయన 1904లో చనిపోయాడు, సంస్థ 1909లో ఏర్పడింది. మైసూరు సంస్థానం వారు 370 ఎకరాలకు పైగా నేల ఇచ్చారు. 1911లో మొదటి విద్యార్థులు చేరారు.

ఇక పాఠాలకు పోదాం. ఏ ఏడు ఏమి చూపేదీ ఆయా శాఖల వారు నిర్ణయిస్తారు. అన్నీ ఒక్కరోజులో చూడటం ఎవరి తరమూ కాదు. అన్నం ఉడికిందో లేదో తెలియటానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలదా? మనమూ అలాగే రెండు మూడు పాఠాలు మచ్చుకు చూద్దాం.

మొదటిది చలి పాఠం. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు నైట్రోజన్ వాయువు. దాన్ని బాగా చల్లబరిస్తే నీళ్ళలాగా ద్రవమవుతుంది. ఆ ద్రవం సున్నాకు దిగువన 196 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే మరిగిపోతుంది! అందులో ముంచి తీసిన గులాబీ పువ్వును నలిపితే గాజులాగా పొడి అయిపోతుంది. ఊదిన బుడగను ముంచితే ముడుచుకుపోతుంది, బయటికి తీస్తే మళ్ళీ ఉబ్బుతుంది. గిన్నె చుట్టూ తెల్లని పొగ కమ్ముతుంది. "అది నైట్రోజనే కదా?" అని మీరనవచ్చు. కాదు. నైట్రోజన్‌కు రంగు లేదు. గాలిలోని నీటి ఆవిరి ఆ చలికి సన్నని తుంపరగా మారి, అలా తెల్లగా కనబడుతుంది. చలికాలం తెల్లవారుజామున పొలాల మీద కనిపించే మంచు కూడా ఇటువంటిదే.

రెండవది గాలి పాఠం. విమానం రెక్క గాలిలో ఎలా పనిచేస్తుందో పరీక్షించాలంటే, ఆకాశంలో ఎగిరే విమానం వెంట పరుగెత్తలేము గదా? అందుకని శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. విమానం నమూనాను కదలకుండా నిలిపి, గాలినే దాని మీదికి పరుగెత్తిస్తారు. ఇలా గాలిని తోలే గుహవంటి యంత్రాన్ని "విండ్ టనెల్" అంటారు. ఈ సంస్థలో ఉన్న ఒక విండ్ టనెల్‌లో, నమూనాను నిలిపే చోటు 14 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉంటుంది. ఇటువంటి యంత్రాలలో గాలితోపాటు సన్నని పొగ వదిలితే గాలి నడిచే దారి కంటికి కనబడుతుంది. రెక్క ముందు అంచును కొంచెం పైకెత్తితే పొగ రెక్కను అంటుకునే సాగుతుంది. మరీ ఎత్తితే రెక్కను వదిలేసి సుడులు తిరుగుతుంది. అప్పుడు విమానాన్ని పైకెత్తే బలం తగ్గిపోతుంది. విమానం ముక్కును హద్దు మీరి ఎత్తకుండా పైలట్లు జాగ్రత్తపడటానికి కారణం ఇదే.

ఈ రెండు పాఠాలలోనూ అడిగినదానికి జవాబు దొరికింది. మూడవది అలాటిది కాదు.

ఇది కందిరీగల పాఠం. ఈ సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన శిష్యులు ఒక జాతి కందిరీగలను ఎన్నో ఏళ్ళు పరిశీలించారు. ఏ రీగ ఏదో పోల్చుకోవటానికి వాటి ఒంటి మీద రంగు చుక్కలు పెట్టారు. ఆ పట్టులో ఒక రాణి ఉంటుంది, గుడ్లు పెట్టేది అదే. రాణిని తీసివేసి చూశారు. వెంటనే కూలి రీగలలో ఒకటి మిగతావాటిని గద్దించటం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు అదే రాణి అయింది. తక్కిన రీగలు దానితో పోటీపడలేదు. ఎవరు వారసురాలో వాటికి ముందే తెలిసినట్టున్నది! కాని రాణి ఉండగానే ఆ వారసురాలు ఏదో చెప్పుదామని చూస్తే, అది పరిశోధకులకు చిక్కలేదు. రీగలకు తెలిసిన రహస్యం మనుషులకు అంత సులువుగా తెలియలేదన్న మాట!

పై చదువులకూ మన బడి చదువుకూ తేడా ఇక్కడే ఉన్నది. బడిలో ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉంటుంది. పరిశోధనలో జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు, వెతికి తేవాలి. అందుచేత మీరు అక్కడ ఒక ప్రశ్న అడిగినప్పుడు, "అది ఇంకా ఎవరికీ తెలియదు" అని జవాబు వస్తే, చిన్నబుచ్చుకోకండి. మంచి ప్రశ్న అడిగారన్న మాట.

"ఇంత పెద్ద చోటుకు మనబోటివాళ్ళు వెళ్ళవచ్చునా?" అని జంకుతున్నారా? ఒక సంగతి వినండి. 1933లో కమలా భగవత్ అనే అమ్మాయి బొంబాయిలో బి.ఎస్.సి. ప్యాసై, ఇక్కడ చేరటానికి వచ్చింది. అప్పుడు సంస్థకు డైరెక్టరు నోబెల్ బహుమతి పొందిన సర్ సి.వి. రామన్. ఆడపిల్ల అని ఆయన చేర్చుకోనన్నాడు. ఆమె ఊరుకోలేదు, పట్టుపట్టింది. చివరకు ఆయన, ఏడాది పాటు పని చూసిన తరువాతే ఒప్పుకుంటానన్నాడు. ఆమె పాలలోనూ పప్పులలోనూ ఉండే మాంసకృత్తుల మీద పరిశోధించి శభాషనిపించుకున్నది. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందింది. విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలితరం భారత మహిళలలో ఆమె ఒకరు. పెళ్ళయిన తరువాత ఆమె పేరు కమలా సొహోనీ.

ఆమె పోరాడి లోపలికి వెళ్ళిన చోటికి, ఆ ఒక్కరోజు మీరు దర్జాగా నడిచి వెళ్ళవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. తేదీ ఏటేటా మారుతుంది గనుక ముందుగా తెలుసుకుని బయలుదేరండి. జనం ఎక్కువ, నడక ఎక్కువ. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి. అన్ని శాఖలూ చుట్టిరావాలని పిల్లలను పరుగులు పెట్టించకండి. వాళ్ళు ఒకచోట నిలబడిపోతే నిలబడనివ్వండి.

పిల్లలూ! వెళ్ళేటప్పుడు ఒక చిన్న నోటు పుస్తకంలో మీ ప్రశ్నలు రాసుకు వెళ్ళండి. ఇంగ్లీషు రాదని వెనుదీయకండి, తెలుగు వచ్చిన అన్నయ్యో అక్కయ్యో అక్కడ తప్పక కనబడతారు. ఈలోగా మీ ఇంటి చూరు కింద కందిరీగల పట్టు ఉన్నదేమో చూడండి. దూరం నుంచే సుమా, కుట్టగలవు! వాటిలో రాణి ఏదో పోల్చగలరేమో ప్రయత్నించండి. మీ నోటు పుస్తకంలో అదే మొదటి ప్రశ్న కావచ్చు.