గోదావరి బిందెలు

నిజామాబాద్ నుంచి నాందేడ్ వెళ్ళే రైలు బాసర ముందు గోదావరి దాటుతుంది. ఆ తర్వాత ధర్మాబాద్, ఉమ్రి, ముద్ఖేడ్. రాష్ట్రం మారిన సంగతి స్టేషన్ బోర్డులు చెబుతాయి గాని మనుషుల మాటలు వెంటనే చెప్పవు. ధర్మాబాద్ మిర్చి బజారులో, బిలోలి, దేగ్లూర్ పల్లెల్లో తెలుగు ఇంకా ఇంటి భాషే. 1956 దాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రం. అందుకని తెలుగు ప్రయాణికుడికి నాందేడ్ పరాయి ఊరిలా అనిపించదు. కానీ దసరా మొదలు కార్తీక శుద్ధ పంచమి దాకా, అంటే మన నాగులచవితి మర్నాటి వరకు, ఈ ఊళ్ళో సిక్ఖుల గురుద్వారా పండగలకు ఎటు చూసినా దూరదేశం నుంచి వచ్చినవాళ్ళే. అమృత్‌సర్ నుంచి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో దిగే పంజాబు రైతులు సరే, బ్రిటన్ నుంచి, కెనడా నుంచి సెలవులకు వచ్చిన కుర్రకారు కూడా వీధుల్లో కనిపిస్తారు. వాళ్ళ కోసం గురుద్వారా వసతి గృహాల్లో ఎన్నారై నివాస్ అని విడిగా ఒకటుంది.  

ఆ కుర్రకారును చూస్తే, విదేశాల్లో చదువుకునే, ఉద్యోగాలు చేసే మన పిల్లల పండగల గురించి మన ఊళ్ళలో తరచూ వినే ఒక మాట గుర్తొస్తుంది. శనివారానికి జరిపిన బతుకమ్మ, అద్దె హాల్లో దీపావళి పండగలు కావు, పండగకు నకళ్ళు అంటారు. అసలుది ఊళ్ళోనే ఉంటుందట, వలస వెళ్ళినవాడి దగ్గర ఉండేది దాని జ్ఞాపకమేనట. ఈ మాట తప్పు. అది ఎందుకు తప్పో చూపడానికి డాలస్ కన్నా, లండన్ కన్నా నాందేడే గట్టి సాక్ష్యం. ఎందుకంటే ఇక్కడి పండగ మూడు వందల ఏళ్ళ కింద ఇల్లు విడిచి వచ్చినవాళ్ళది.

గురు గోవింద్ సింగ్ 1708లో మొగల్ చక్రవర్తి బహదూర్ షా దక్కన్ దండయాత్ర వెంట ఇక్కడికి వచ్చారు. గోదావరి ఒడ్డున మాధోదాస్ అనే బైరాగి ఆయన శిష్యుడై బందాసింగ్ బహదూర్‌గా మారి పంజాబుకు తరలిపోయాడు. ఆ శరదృతువులోనే గురువు కత్తిపోటుకు గురై, తన తర్వాత గ్రంథమే గురువని ప్రకటించి, అక్టోబరు 7న కన్నుమూశారు. ఆయనకిది దారిలో మజిలీ. ఇక్కడే ఆగిపోయిన కొద్దిమంది అనుచరుల వల్లే ఆ మజిలీ ఊరైంది, సిక్ఖుల ఐదు తఖ్తుల్లో, అంటే అధికార పీఠాల్లో, ఒకటైంది. ఇప్పుడున్న మందిరాన్ని 1832 నుంచి 1837 వరకు మహారాజా రంజిత్ సింగ్ కట్టించారు. అదే కాలంలో నిజాం మంత్రి చందూలాల్ ఆ కొలువుకు పంజాబు నుంచి సిక్ఖు సైనికులను రప్పించాడు. లాహోరీ ఫౌజ్ అని వాళ్ళకు పేరు. జీతానికి వచ్చిన ఆ పడుచువాళ్ళ వారసులు హైదరాబాద్ అత్తాపూర్ దగ్గరి సిక్ఖు ఛావనీలో ఇప్పటికీ ఉన్నారు, తెలుగు మాట్లాడతారు.

ఇక దీపావళి ముందు జరిగే తఖ్త్ స్నానం. నాందేడ్‌లో తీరిగ్గా నిలబడి చూడవలసినది ఇదే. భక్తులు బిందెలతో గోదావరికి వెళ్ళి నీళ్ళు ముంచుకుని, భుజాన ఎత్తుకుని, ఊరేగింపుగా మందిరానికి తెస్తారు. ఆ నీళ్ళతో తఖ్తును కడుగుతారు. గురువు ఆయుధాలను, ఆ కత్తులను, డాళ్ళను, బాణాలను బయటికి తీసి శుభ్రం చేస్తారు. పాదాలు తడిసి, నేల తడిసి, బిందె బరువుకు భుజాలు ఒరిగి, ఒకరి వెనక ఒకరు ‘వాహెగురు’ అంటూ కదిలే ఆ వరసలో ముసలివాళ్ళున్నారు, పసివాళ్ళున్నారు, బర్మింగ్‌హామ్ యాస మాట్లాడే కుర్రవాళ్ళూ ఉన్నారు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ నీళ్ళు. పంజాబు అంటేనే ఐదు నదుల దేశం. కావాలంటే సట్లెజ్ నీళ్ళో, బియాస్ నీళ్ళో డబ్బాల్లో తెప్పించుకోగలరు. ఆ పని చేయలేదు. ఎదురుగా పారే నదికే తమ అత్యంత పవిత్రమైన పనిని అప్పగించారు. నకలు చేసేవాడు ఎదురుగా ఉన్నదానితో సరిపెట్టుకోడు, వాడికి మూలంలోని ప్రతి వస్తువూ కావాలి.

ఇందులో దక్కనీ కలుపు చేరిపోయిందని కొందరు సిక్ఖులే అంటారు. ఇక్కడ దీపాలతో హారతి ఇస్తారు, ఆయుధాలకు చందనం పెడతారు, ఆదిగ్రంథంతో పాటు దశమ గ్రంథాన్నీ ప్రతిష్ఠించి ఉంచుతారు. పంజాబులో 1945లో ఆమోదించిన ఆచార నియమావళి రహిత్ మర్యాదకు ఇవి సరిపడవు. దసరానాడు గుర్రాలతో, సిక్ఖు యోధులైన నిహంగుల కత్తులతో సాగే హల్లా మొహల్లా చూస్తే తెలుగువాడికి ఆయుధపూజ గుర్తురావడం సహజం. ఈ అభ్యంతరంలో కొంత నిజముంది. అయితే కాలక్రమం గమనించాలి. అమృత్‌సర్ స్వర్ణాలయం ప్రదక్షిణ మార్గంలోంచి విగ్రహాలను తీయించింది 1905లో. సింగ్ సభ సంస్కరణలు, గురుద్వారాల నిర్వహణకు 1920లో ఏర్పడ్డ శిరోమణి కమిటీ పంజాబులో ఆచారాన్ని మార్చాయి. నాందేడ్‌కు ఆ గాలి పెద్దగా తగల్లేదు. 1956లో హైదరాబాద్ శాసనసభ చేసిన చట్టంతో ఇక్కడి గురుద్వారాకు వేరే బోర్డు ఉంది. కాబట్టి స్థానికంగా చేరినదెంతో, పంజాబు వదిలేయగా ఇక్కడ మిగిలినదెంతో ఇవాళ ఎవరూ విడదీయలేరు. స్వదేశంలో పండగ మారిపోతూ ఉంటే, దూరాన ఉన్నవాడు పాతదాన్ని కాపాడుతూనే కొత్తదాన్ని కలుపుకుంటాడు. ఏది అసలుదని అడిగితే నాందేడ్ గ్రంథి, అమృత్‌సర్ గ్రంథి చెరొక జవాబు చెబుతారు, ఇద్దరి దగ్గరా ఆధారాలుంటాయి.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. నాందేడ్‌లో గురువు దేహం దహనమైన చోటు ఉంది, డాలస్‌లో ఏముంది అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కోసం నేను మారిషస్ వైపు చూస్తాను. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి చెరకు తోటల కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళకు అక్కడ ఏ పుణ్యస్థలమూ లేదు. అయినా రామభజనం నిలిచింది, సింహాద్రి అప్పన్న పూజ నిలిచింది, ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినమైంది. భాష మాత్రం చాలా ఇళ్ళలో క్రియోల్‌కు దారిచ్చింది. అది చిన్న నష్టమేమీ కాదు, నాకు బాధగానే ఉంటుంది. కానీ స్థలం లేకపోతే పండగ నిలవదన్న వాదానికి మారిషస్ అడ్డుగా నిలుస్తుంది. ముందు పండగ చేశారు, స్థలం తర్వాత ఏర్పడింది. నాందేడ్‌లో కూడా రాతి కట్టడం లేచేసరికి గురువు పోయి నూట ఇరవై ఏళ్ళు దాటింది.

లంగర్ గురించి ఒక్క మాట. 20వ శతాబ్దం తొలినాళ్ళలో బాబా నిధాన్ సింగ్ నడిపిన అన్నదానం గురుద్వారా లంగర్ సాహిబ్‌గా పెరిగింది. రొట్టె, పప్పు, ఒక కూర, పక్కన ఎవరు కూర్చున్నారన్న పట్టింపు లేదు. హాలు పండగకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే కనబడుతుంది. మన సంఘాల పండగల్లో టికెట్టు కొన్న తెలుగువాళ్ళే ఎక్కువగా భోజనానికి కూర్చుంటారు. ఇక్కడ మరాఠీ కూలీ, లంబాడీ తల్లి, ధర్మాబాద్ నుంచి వచ్చిన తెలుగు రైతు అదే బంతిలో కూర్చుంటారు. విదేశాల్లోని మన పిల్లలను నేను తప్పుపట్టదలిస్తే ఈ ఒక్క విషయంలోనే తప్పుపడతాను. శనివారానికి జరిపినందుకు కాదు, ఇరుగుపొరుగును పిలవనందుకు.

2008లో గురుతా గద్దీ, అంటే గ్రంథానికి గురుపీఠం దక్కిన ఘట్టం, మూడు వందల ఏళ్ళ ఉత్సవానికి లక్షల మంది వచ్చారు. ఆ సందర్భంగా రోడ్లు వెడల్పయ్యాయి, విమానాశ్రయం కొత్తరూపు దాల్చింది. నది మాత్రం బాగుపడలేదు. ఎగువన విష్ణుపురి ఆనకట్ట వదిలినప్పుడే ఘాట్ల దగ్గర పారుదల, మిగతా రోజుల్లో ఊరి మురుగు కలిసి నిలిచిన నీరు. బిందె ముంచేది ఆ నీటిలోనే. పండగను ఈ నదికి అప్పగించినవాళ్ళకు నది మీద హక్కుతో పాటు బాధ్యతా ఉంది. పాలరాతికి, బంగారు పూతకు కెనడా నుంచి కానుకలు పంపగల యువకులు మురుగునీటి శుద్ధి కోసం నాందేడ్ నగరపాలికను గట్టిగా అడగాలి. ఆ అడగడంలో మనమూ గొంతు కలపాలి. ఇక్కడ వదిలిన నీరే బాబ్లీ ఆనకట్ట దాటి, కందకుర్తి దగ్గర మంజీరతో కలిసి, బాసర ఘాట్‌లో మన పిల్లల అక్షరాభ్యాసాలకు చేరుతుంది.